సూది వేసుకుంటే పొడుగవుతామా?

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారి మీద నందిగామ దాటి ఇంకా ముందుకు పోతే జగ్గయ్యపేట మలుపుకు దగ్గరలో చిల్లకల్లు వస్తుంది. 2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా. అంతకుముందు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. ఇటువైపు నేలలో సున్నపురాయి వుంది గనుక సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే సిమెంటు లారీలు కనిపిస్తూనే వుంటాయి.

ఆ వూళ్ళో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. వాడికి పధ్నాలుగేళ్ళు. ఎత్తు 148 సెంటీమీటర్లు. బడిలో ప్రార్థనకు నిలబడితే ఎప్పుడూ వాడిది మొదటి వరసే. వాలీబాల్ ఆటలో వాడికి దక్కేది పొలంలో పడ్డ బంతిని తెచ్చే పని. పెద్దయ్యాక పోలీసు కానిస్టేబులు కావాలని వాడి కోరిక. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యోగానికి మగవాళ్ళకు సాధారణంగా కనీసం 167.6 సెంటీమీటర్ల ఎత్తు వుండాలి. వాడు రోజూ తలుపుకు ఆనుకుని నిలబడి, తల మీద స్కేలు పెట్టి గీత గీసుకుంటున్నాడు. గీత కదలడం లేదు!

ఒకనాడు వాళ్ళ అన్నయ్య ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. "పెరుగుదల పెప్టైడ్ ఇంజక్షను. మూడు నెలల్లో నాలుగు అంగుళాలు!" అమ్మ అది చూసి, "మిరపకాయల డబ్బులు రాగానే తెప్పిద్దాం లేరా" అన్నది. ఆ సీసా తెప్పించే ముందు ఆ తల్లీకొడుకులు తెలుసుకోవలసిన సంగతులు చాలా వున్నాయి. మీలో కూడా కొందరు తలుపు మీద గీతలు గీసుకుంటూ వుంటారు కదా! అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఎముక ఎలా పొడుగవుతుంది?

ఎముక చెట్టు కొమ్మలాగా కొసన చిగురు వేసి పెరగదు. పిల్లల చేతి ఎముకలలో, కాలి ఎముకలలో రెండు చివరలకూ కొంచెం లోపలగా మెత్తటి మృదులాస్థి పలక ఒకటి వుంటుంది. దీన్ని పెరుగుదల పలక అంటారు. ఈ పలకలోని కణాలు విభజన చెంది, బారులు తీరి, లావెక్కి, చివరకు గట్టి ఎముకగా మారుతూ వుంటాయి. ఇల్లు కట్టేటప్పుడు గోడ మీద ఇటుక వరస లేచినట్లు ఎముక లేస్తుందన్నమాట.

ఈ పనిని జరిపించేది ఎవరు? మెదడు అడుగుభాగంలో శనగగింజంత గ్రంథి ఒకటి వేలాడుతూ వుంటుంది. బరువు సుమారు అర గ్రాము. దాని పేరు పీయూష గ్రంథి. అది విడుదల చేసే అనేక హార్మోనులలో పెరుగుదల హార్మోను ఒకటి. పీయూష గ్రంథికి పైన హైపోథలామస్ అనే మెదడు భాగం వుంది. అక్కడినుంచి "విడుదల చెయ్యి" అనే కబురు వస్తే గ్రంథి హార్మోనును వదులుతుంది. "ఇక చాలు" అనే కబురు వస్తే ఆపేస్తుంది. హార్మోను రక్తంలో కలిసి కాలేయానికి పోయి, అక్కడ ఐ.జి.ఎఫ్.-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. అటు హార్మోనూ, ఇటు ఈ పదార్థమూ కలిసి పెరుగుదల పలకల చేత పని చేయిస్తాయి.

తాపీమేస్త్రీ వచ్చి నిలబడినంత మాత్రాన గోడ లేవదు. ఇటుకలు కావాలి, సిమెంటు కావాలి, నీళ్ళు కావాలి. హార్మోను మేస్త్రీ వంటిది. ఇటుకా సిమెంటూ మనం తినే అన్నం, పప్పు, గుడ్డు, పాలు. చిల్లకల్లు చుట్టూ వున్న సున్నపురాయిలోనూ మన ఎముకల్లోనూ వున్నది ఒకే కాల్షియం. అలాగని సున్నపురాయి మీద నడిచేవాళ్ళంతా ఆరడుగులు పెరగరు కదా! ఒక్క కాల్షియం మాత్రలతో ఎత్తు పెరగదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెరుగుదల పలకలు కలకాలం వుండవు. యుక్తవయసులో వచ్చే హార్మోనుల ప్రభావంతో అవి క్రమంగా గట్టిపడి, ఎముకలో కలిసిపోతాయి. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్ళకు, మగపిల్లల్లో 16, 17 ఏళ్ళకు చాలావరకు మూసుకుపోతాయి. కొందరిలో కాస్త ముందు, కొందరిలో కాస్త వెనక. పలక మూసుకున్న తరువాత ఎంత హార్మోను ఎక్కించినా ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెరగదు. దవడ, ముక్కు, చేతివేళ్ళు, పాదాలు మాత్రం లావెక్కుతాయి. పీయూష గ్రంథిలో గడ్డ లేచి హార్మోను ఎక్కువైన పెద్దవాళ్ళకు వచ్చే జబ్బు ఇదే. దీన్ని ఆక్రోమెగలీ అంటారు. వాళ్ళ చెప్పుల సైజు పెరుగుతూ పోతుంది, ఎత్తు మాత్రం వున్నచోటే వుంటుంది!

శవాల నుంచి తీసిన మందు

పెరుగుదల హార్మోను 191 అమైనో ఆమ్లాలు పూసలదండలాగా గుచ్చుకున్న ప్రోటీను. దండ చిన్నదైతే పెప్టైడ్ అంటాం, పెద్దదైతే ప్రోటీను అంటాం. మరి ఈ మందును మాత్రగా మింగరాదా? మింగితే మన జీర్ణాశయానికి అది గుడ్డులోని ప్రోటీనుతో సమానం. పూసలు పూసలుగా విడగొట్టి అరిగించేస్తుంది. అందుకే చర్మం కింద సూదితో ఎక్కించాలి. "ఎత్తు పెంచే హార్మోను పొడి, పాలలో కలుపుకు తాగండి" అని ఎవరైనా అమ్మితే అది నిజమో కాదో ఇక మీరే తేల్చగలరు.

మొదట్లో ఆవుల పీయూష గ్రంథుల నుంచి హార్మోను తీశారు. ఇన్సులిన్ విషయంలో జంతువుల మందు మనుషులకు పనిచేసింది. ఇది మాత్రం పనిచెయ్యలేదు. మనిషికి మనిషి హార్మోనే కావాలి. చోహావో లీ అనే శాస్త్రజ్ఞుడు 1956లో మనిషి హార్మోనును వేరు చేశాడు. 1958లో అమెరికాలో మారిస్ రేబెన్ అనే వైద్యుడు, హార్మోను లోపం వున్న 17 ఏళ్ళ కుర్రవాడికి దాన్ని ఇచ్చి ఎత్తు పెరిగినట్లు ప్రకటించాడు. ఆ హార్మోను ఎక్కడిది? చనిపోయినవారి మెదడు కింది నుంచి సేకరించిన గ్రంథులది. ఒక్కో పిల్లవాడికి ఏడాది పొడుగునా మందు ఇవ్వాలంటే ఎన్నో శవాల గ్రంథులు కావలసి వచ్చేవి. అందుకని వేలాది గ్రంథులను ఒకచోట కలిపి మందు తీసేవారు.

అక్కడే వచ్చింది ముప్పు. అమెరికాలో 1963 నుంచి 1985 దాకా సుమారు 7,700 మంది ఈ మందు తీసుకున్నారు. బ్రిటన్‌లో 1,848 మంది. మందు పనిచేసింది, పిల్లలు పెరిగారు, అందరూ సంతోషించారు. 1984, 85 సంవత్సరాలలో అమెరికాలో ఆ పిల్లల్లోనే కొందరు, అప్పటికి యువకులు, మొదట తూలుతూ నడిచి, తరువాత మాట పోయి, మతి పోయి మరణించారు. క్రూట్జ్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధి అనే అరుదైన మెదడు జబ్బు అది. మామూలుగా వృద్ధులకు వచ్చేది. ఏ శవంలోనో ఆ జబ్బు ప్రోటీను వుండి, మందులో కలిసి, ఏళ్ళ తరబడి శరీరంలో దాగి వుండి బయటపడిందన్నమాట. 1985లో ఆ దేశాలలో ఆ మందును ఆపేశారు. కానీ అప్పటికే అది శరీరాల్లోకి వెళ్ళిపోయింది. ప్రపంచం మొత్తం మీద రెండు వందల మందికి పైగా ఇలా మరణించారు. సూది వేసుకున్న ఇరవై, ముప్పై ఏళ్ళకు జబ్బు పైకి వచ్చినవారు కూడా వున్నారు.

ఆ వైద్యులు దుర్మార్గులేమీ కారు. పిల్లలకు మేలు చేద్దామనే చేశారు. మందు పనిచెయ్యడం ఒకటి, ఆ మందు సీసాలో ఇంకా ఏమున్నదో తెలియడం ఒకటి. ఈ రెండో ప్రశ్న ఎంత పెద్దదో వాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. ఫోనులో సీసాలు అమ్మేవాళ్ళకు ఈ కథ తెలుసో లేదో!

అదృష్టవశాత్తు మరో దారి అప్పటికే సిద్ధమవుతున్నది. 1979లో జెనెన్‌టెక్ సంస్థ శాస్త్రజ్ఞులు మనిషి హార్మోను జన్యువును బాక్టీరియాలో పెట్టి, వాటి చేతనే హార్మోనును తయారు చేయించారు. 1985 అక్టోబరులో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక శవాలతో పనిలేదు. ఇటువంటి పద్ధతి మన తెలుగువారికి కొత్తేమీ కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టు కణాల చేత హెపటైటిస్-బి టీకాను తయారు చేయించి విడుదల చేసింది. నేడు వైద్యులు ఇచ్చే పెరుగుదల హార్మోను అంతా ఇలా జన్యువిద్యతో చేసినదే.

మరి ఈ "పెప్టైడ్" ఏమిటి?

ప్రకటనలో వున్నది హార్మోను కాదు, పెప్టైడ్ అని గుర్తుందా? హైపోథలామస్ నుంచి "విడుదల చెయ్యి" అనే కబురు వస్తుందని చెప్పుకున్నాం. ఆ కబురు మోసేది కూడా ఒక పెప్టైడే. 44 అమైనో ఆమ్లాల దండ. 1982లో అమెరికాలో రెండు శాస్త్రజ్ఞుల బృందాలు దాన్ని పట్టుకున్నాయి. తమాషా ఏమిటంటే దొరికింది మెదడులో కాదు, ఆక్రోమెగలీ వచ్చిన రోగుల క్లోమంలో లేచిన గడ్డల్లో! ఆ 44 పూసలలో మొదటి 29 వున్నా కబురు అందుతుందని తేలింది. ఆ పొట్టి దండ పేరు సెర్మోరెలిన్. 1997లో అమెరికాలో దాన్ని హార్మోను లోపమున్న పిల్లలకు అనుమతించారు. 2008లో తయారీదారులు ఆపేశారు. టెసామోరెలిన్ అనే మరొక దానికి 2010లో అనుమతి వచ్చింది. అయితే అది హెచ్.ఐ.వి. రోగులలో పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు తగ్గించడానికి, ఎత్తు కోసం కాదు.

ఐపామోరెలిన్, సి.జె.సి.-1295 వంటి పేర్లతో తిరిగే సీసాలు మరో రకం. పిల్లల ఎత్తు పెంచడానికి వీటికి అనుమతి లేదు. చాలా సీసాల మీద "పరిశోధనకు మాత్రమే" అని చిన్న అక్షరాలలో రాసి వుంటుంది. అంటే, మనుషులకు వాడమని మేము చెప్పలేదు అని అమ్మేవాడు ముందే చేతులు కడుక్కున్నాడన్నమాట. లోపల ఎంత మందు వుందో, ఏ మలినం వుందో చూసి పూచీపడేవారు ఎవరూ లేరు. ఇటువంటి మందులు మామూలుగా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుండాలి. మే నెలలో జగ్గయ్యపేట ఎండ ఎలా వుంటుందో, కృష్ణ అవతల రెంటచింతల ఎండ ఎలా వుంటుందో మీకు తెలుసు. అలాంటి ఎండలో రెండు రోజులు కొరియరు సంచిలో తిరిగిన సీసాలో ఏం మిగిలి వుంటుంది? పైగా ఆటగాళ్ళకు ఇవి అంతర్జాతీయంగా నిషేధించిన పదార్థాలు. వాలీబాల్ కోసం పొడుగవుదామనుకుంటే పట్టుబడి ఆటకే దూరం కావచ్చు.

డాక్టరుగారు ఏం చేస్తారు?

మన కుర్రవాణ్ణి వాళ్ళమ్మ సీసా కొనకుండా పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకుపోయిందనుకుందాం.

"డాక్టరు గారూ, వీడికి పొడుగయ్యే ఇంజక్షను రాయండి" అన్నది.

"రాద్దాం లేమ్మా. ముందు నీ ఎత్తు ఎంతో చూద్దాం, ఇలా వచ్చి నిలబడు" అన్నారు డాక్టరు.

అమ్మ తెల్లబోయింది. "నా ఎత్తు ఎందుకండీ?"

ఎందుకంటే, మన ఎత్తులో చాలా భాగం అమ్మానాన్నల నుంచి వచ్చేదే. దీనికి డాక్టర్లు ఒక లెక్క వాడతారు. మగపిల్లవాడైతే అమ్మ ఎత్తూ నాన్న ఎత్తూ కూడి, 13 సెంటీమీటర్లు కలిపి, సగం చెయ్యాలి. ఆడపిల్లైతే 13 తీసివేసి సగం చెయ్యాలి. అమ్మ 151, నాన్న 162 అనుకోండి. రెండూ కలిపితే 313. దానికి 13 కలిపితే 326. అందులో సగం 163. దీనికి అటూ ఇటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తేడా వుండవచ్చు. అంటే మనవాడు పెద్దయ్యాక సుమారు 154.5 నుంచి 171.5 మధ్య ఎక్కడైనా వుండవచ్చు. కానిస్టేబులు ఎత్తు ఆ హద్దుల లోపలే వుంది, కానీ పై కొసకు దగ్గరగా వుంది. అందుతాడని చెప్పలేం, అందడనీ చెప్పలేం.

రెండో ప్రశ్న, "పోయిన ఏడాది ఎంత వున్నాడు?" ఇదే అసలైన ప్రశ్న. ఒక్కరోజు కొలిచిన ఎత్తు కంటే ఏడాదిలో పెరిగిన ఎత్తు ఎక్కువ సంగతులు చెబుతుంది. నాలుగేళ్ళు దాటినప్పటి నుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు సాధారణంగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 4 కన్నా తక్కువ పెరిగితే కారణం వెతకాలి. మనవాడు నిరుడు బడిలో కొలిచినప్పుడు 143. ఇప్పుడు 148. అయిదు పెరిగాడు. తలుపు మీద రోజూ గీత గీస్తే కనిపించని పెరుగుదల ఇది!

మూడోది, ఎడమ చేయి, మణికట్టుల ఎక్స్‌రే. అందులో పెరుగుదల పలకలు చూసి ఎముకల వయసు చెబుతారు. మనవాడి ఎముకలకు పన్నెండేళ్ళు అని తేలిందనుకోండి. వయసు పధ్నాలుగు, ఎముకలు పన్నెండు. అంటే పెరగడానికి ఇంకా రెండేళ్ళు అదనంగా గడువు వుందన్నమాట. యుక్తవయసు లక్షణాలు కూడా వాడికి ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. "వీళ్ళ నాన్న కూడా ఇంటర్మీడియట్‌లో చేరాక ఒక్కసారిగా పొడుగయ్యాడండీ" అన్నది అమ్మ. డాక్టరుగారు నవ్వారు. ఆలస్యంగా పెరిగే పిల్లలు వీళ్ళు. చాలా సాధారణంగా కనిపించే పరిస్థితి. ఇది జబ్బు కాదు.

అందరూ ఇలాగే వుండరు. అవటు గ్రంథి సరిగ్గా పనిచెయ్యకపోతే పిల్లలు పెరగరు. దానికి రోజూ ఒక చవక మాత్ర చాలు. రక్తహీనత, మూత్రపిండాల జబ్బు, పేగుల జబ్బు వున్నా పెరుగుదల మందగిస్తుంది. ఆడపిల్ల మరీ పొట్టిగా వుండి యుక్తవయసు రాకపోతే టర్నర్ సిండ్రోమ్ వున్నదేమో చూడాలి. వీటన్నిటినీ చూశాకే హార్మోను లోపం పరీక్ష. అది కూడా మామూలు రక్తపరీక్షలా ఒక్కసారి రక్తం తీసి చెప్పేది కాదు. ఈ హార్మోను రోజంతా ఒకే తీరుగా రాదు. విడతలు విడతలుగా, ఎక్కువగా గాఢనిద్రలో వస్తుంది. పట్టపగలు తీసిన రక్తంలో అందరికీ తక్కువే కనిపించవచ్చు. అందుకని గ్రంథిని రెచ్చగొట్టే మందు ఇచ్చి, కొంతసేపటికొకసారి రక్తం తీసి చూస్తారు.

నిజమైన లోపం నాలుగు వేల నుంచి పదివేల మంది పిల్లల్లో ఒక్కరికి వుంటుందని అంచనా. వాళ్ళకు ఈ మందు వరమే. చిన్నతనంలోనే మొదలుపెడితే తోటివారితో సమానంగా పెరగగలరు. అయితే ఏళ్ళ తరబడి దాదాపు రోజూ రాత్రి సూది వేసుకోవాలి. మోతాదును బరువును బట్టి లెక్కకడతారు గనుక పిల్లవాడు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. తలనొప్పి, చూపులో తేడా, తుంటి నొప్పి, కుంటుతూ నడవడం, వెన్ను వంకర, రక్తంలో చక్కెర, ఇవన్నీ డాక్టరు కనిపెట్టి చూస్తూ వుండాలి. భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానంలో నిర్ధారణ అయిన హార్మోను లోపాన్ని, టర్నర్ సిండ్రోమ్‌ను చేర్చారు. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో ఒకటి హైదరాబాదులో వుంది. నిమ్స్ ఆసుపత్రి, డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం కలిసి నడుపుతున్నాయి. అవసరమైన పిల్లల తల్లిదండ్రులు అక్కడ వాకబు చెయ్యవచ్చు.

ఏ లోపమూ లేకుండా ఊరికే పొట్టిగా వున్న పిల్లలకు ఇస్తే? అటువంటి పరిశోధనలు జరిగాయి. నాలుగు నుంచి ఏడేళ్ళపాటు సూదులు వేశాక సగటున పెరిగినది 3.5 నుంచి 7.5 సెంటీమీటర్లు. వేలకొద్దీ సూదులకు రెండు మూడు అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ. ప్రకటనలోని "మూడు నెలల్లో నాలుగు అంగుళాలు" ఎక్కడ, ఇది ఎక్కడ?

ఇరవై తొమ్మిది పల్లెల ఉప్మా

మన రాష్ట్రంలో పొట్టితనానికి పెద్ద కారణం హార్మోను కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురు. ఇంతమందికి పీయూష గ్రంథి చెడిపోదు కదా!

1987 నుంచి 1990 దాకా హైదరాబాదు సమీప పల్లెలలో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని వూళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా ప్రతిరోజూ పోషకాహారం అందింది. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అది. మరికొన్ని వూళ్ళలో అప్పటికి ఆ పథకం రాలేదు. మొత్తం 29 వూళ్ళు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారితో కలిసి పనిచేసినవారు 2003 నుంచి 2005 మధ్య మళ్ళీ ఆ వూళ్ళకు వెళ్ళారు. అప్పటి పసివాళ్ళు ఇప్పుడు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళు. వెయ్యిమందికి పైగా పిల్లల్ని కొలిచారు. ఉప్మా తిన్న వూళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు.

ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఒక పూట ఉప్మాకు, అది కూడా పదిహేనేళ్ళ తరువాత, ఒక్క సూదీ లేకుండా 14 మిల్లీమీటర్లు. దానికి తోడు శుభ్రమైన నీరు, టీకాలు, మంచి తిండి తరతరాలుగా అందితే ఏమవుతుందో దక్షిణ కొరియాను చూస్తే తెలుస్తుంది. 1914 తరువాత వందేళ్ళలో అక్కడి స్త్రీల సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. నిజం చెప్పాలంటే ఇందులో ఎక్కువ భాగం తల్లి కడుపులోనూ మొదటి రెండు మూడేళ్ళలోనూ జరిగిపోయే పని. పధ్నాలుగేళ్ళకు ఎంత తిన్నా పోయినదంతా తిరిగి రాదు. ఇప్పుడు వుండవలసిన ఎత్తుకు చేరడానికి మాత్రం తిండీ నిద్రా తప్పవు. మధ్యాహ్నం బడిలో పెట్టే గుడ్డును పక్కవాడికి ఇచ్చేసేవాళ్ళు ఇది మరోసారి చదవాలి.

కొలిచి చూడండి

డాక్టరుగారు మనవాడికి మందు రాయలేదు. ఒక కాగితం మీద ఎత్తు, తేదీ రాసి ఇచ్చి, ఆరు నెలల తరువాత రమ్మన్నారు. ఈలోగా తలుపు మీద రోజూ గీతలు వద్దన్నారు. దానికీ కారణం వుంది. వెన్నుపూసల మధ్య వున్న మెత్తటి బిళ్ళలు రాత్రి పడుకున్నప్పుడు ఉబ్బుతాయి, పగలు నిలబడి తిరిగితే అణగుతాయి. అందుకని మనం పొద్దున కాస్త పొడుగు, సాయంత్రం కాస్త పొట్టి. తేడా ఒక సెంటీమీటరు దాకా వుండవచ్చు. (సాయంత్రం "ముందు" ఫోటో తీసి, మర్నాడు పొద్దున "తరువాత" ఫోటో తీస్తే మందు లేకుండానే మనిషి పొడుగవుతాడు!)

మీరూ కొలుచుకోండి. చెప్పులు విప్పి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టి నిలబడాలి. తల మీద పుస్తకం కాదు, అట్ట గానీ చెక్క గానీ గోడకు లంబంగా ఆనించి, ఇంకొకరి చేత గీత గీయించాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. తేదీ, వేళ పక్కనే రాయాలి. మళ్ళీ ఆరు నెలలకు అదే గోడ దగ్గర, అదే వేళకు కొలవాలి. ఆరు నెలల తేడాను రెండుతో హెచ్చిస్తే ఏడాది పెరుగుదల సుమారుగా వస్తుంది. అది 4 సెంటీమీటర్లకు తక్కువైతే ఆ కాగితం తీసుకుని అమ్మానాన్నలతో డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

మన కుర్రవాడి తలుపు మీద ఇప్పుడు ఒకటే గీత వుంది, 148 దగ్గర. రెండో గీత సంక్రాంతి సెలవుల్లో గీస్తాడు.